కడగని బూటు

మా పక్కింటి మామ్మగారు పోయిన ఆదివారం పొద్దున్న చనిపోయారు. వాళ్ళమ్మాయి ఫోన్ చేసి, "అమ్మ ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయేరక్కా" అంటే, నేను స్టవ్ కట్టేసి అక్కడే కింద కూలబడ్డాను. నిజం చెప్పాలంటే ముందు ఏడుపు రాలేదు, భయం వేసింది. ఇక మీదట నాతోపాటు భయపడడానికి ఎవరున్నారు అనిపించింది.

మామ్మగారంతటి భయస్తురాలిని నేను చూడలేదు. గ్యాస్ పైపు పేలి ఊరు కాలిపోయిందే, ఆ నగరం పక్కనే మా ఊరు. పొలాల కిందనుంచి గ్యాస్ పైపులైన్లు పోతాయి. ఆవిడ రోజూ పొద్దున్నే గుమ్మంలో నిలబడి నాలుగు వైపులా గాలి పీల్చి, వాసనేమీ లేదని నమ్మకం కుదిరాకే అగ్గిపుల్ల గీసేవారు. కాలవ వంతెన మీద సరిగ్గా నడిమధ్యన నడిచేవారు. వెనక మోటారుసైకిలు వాళ్ళు హారన్ కొట్టి కొట్టి విసిగిపోయినా పక్కకి తప్పుకునేవారు కాదు. ఆటో ఎక్కితే దిగేదాకా "నెమ్మది నాయనా, నెమ్మది" అని జపం. మేమంతా నవ్వేవాళ్ళం. నేనైతే మొహానే ఏడిపించేదాన్ని.

"నవ్వమ్మా నవ్వు. నీకూ ఓ రోజొస్తాది" అనేవారు కోపం లేకుండా.

ఆవిడ ముప్పయ్యేళ్ళు పోస్టాఫీసులో పనిచేశారు. వాళ్ళ తాతలూ తండ్రులూ కూలికి వెళ్ళినవాళ్ళు. ఇంట్లో జీతం తెచ్చిన మొదటి మనిషి ఆవిడే. ఓసారి చిక్కుడుకాయలు వలుస్తూ చెప్పారు. "నేను తప్పు చేస్తే నన్నొక్కదాన్నే అనరమ్మాయ్. వీళ్ళకి ఉద్యోగాలిస్తే ఇంతే అంటారు. ఆ భయంతోటే ప్రతి రసీదూ రెండేసిసార్లు చూసుకునేదాన్ని." రిటైరయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు. బల్బు కొన్నా బిల్లు దాచేవారు. నేను పారేయబోయే బిల్లులు కూడా నా చేతిలోంచి లాక్కుని, వాళ్ళింట్లో ఇనపచువ్వకి గుచ్చేవారు. మా పాప బూట్ల బిల్లు మిగిలిందంటే అందుకే.

అప్పట్లో నేను ఒక ప్రైవేటు స్కూల్లో టీచరుని. పాప అక్కడే రెండో తరగతి. నేను పనిచేస్తున్నాను కాబట్టి దానికి సగం ఫీజు. పిల్లలందరూ నల్ల బూట్లు ఒకే కొట్లో కొనాలని స్కూలువాళ్ళ నియమం. ఆ కొట్టాయన మా కరస్పాండెంటుగారికి స్వయానా బావమరిది. ఈ ముక్క చెబితే చాలు, మిగతాది మీకు అర్థమయ్యే ఉంటుంది.

కొన్న మూడు వారాలకి, ఒక సాయంత్రం మెయిన్ రోడ్డు మీద ఆటో దిగాం. నా చేతిలో పాప సంచి ఉంది, పాప చెయ్యి లేదు. రెండడుగులు ముందు పరిగెట్టింది. ఎడమ బూటు సోలు ముందువైపు ఊడి, కాలికిందకి మడతపడింది. పాప బోర్లా పడింది. ఇసక లారీ వస్తోంది. నేను అరిచానో లేదో నాకు తెలియదు. బ్రేకు చప్పుడు మాత్రం ఇప్పటికీ వినిపిస్తుంది. లారీ ఆగింది. పాపకి గడ్డం చిట్లింది, మోకాలు కొట్టుకుపోయింది. అంతే. ఆ "అంతే" అన్న మాట అనడానికి నాకు చాలా రోజులు పట్టింది.

మర్నాడు బూటు కొట్టుకి పట్టుకెళ్దామనుకున్నాను. మట్టి, నెత్తురూ అంటిన బూటు ఒక మనిషి చేతికి ఎలా ఇస్తాం? మా వైపు పక్కింటి కూరగిన్నె తిరిగి ఇవ్వాలన్నా తళతళా తోమి ఇస్తాం. ఆ పెంపకమే నా కొంప ముంచింది. ఆ ఎడమ బూటుని సబ్బు పెట్టి కడిగాను. ఎండబెట్టాను. నోరు తెరుచుకుని చూడ్డానికి బాగోలేదని కాస్త గమ్ము కూడా పూసి, పైన పాలిష్ కొట్టి, కవర్లో పెట్టుకుని మరీ వెళ్ళాను.

కొట్టాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏవండీ మేడంగారూ, నీళ్ళల్లో నానబెట్టేరు, గమ్ము పూసేరు. ఇంక నేను చూట్టానికేం మిగిలిందండి? పిల్లలన్నాక కాళ్ళీడుస్తారండి. అవునా?"

"ఆయ్" అన్నాను.

తన బిల్లుబుక్కు తెరిచి, కింద అచ్చేసిన ముక్క వేలితో చూపించాడు. అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు. ఆ తర్వాత నవ్వుతూ, "పోనీ బావగారితో ఓ మాట చెప్పమంటారా?" అన్నాడు.

"అబ్బే, వద్దండి" అని బూటు తీసుకుని వచ్చేశాను.

ఇంటికొచ్చి చెబితే మామ్మగారు తల పట్టుకున్నారు. "కడిగేసేవా! సాక్ష్యాన్ని సబ్బెట్టి కడిగేసేవా అమ్మాయ్!" కాసేపటికి తలెత్తి, "మరి రెండోదో?" అన్నారు.

కుడి బూటు గుమ్మం పక్కన మట్టితో అలాగే పడుంది. దాన్ని నేను పట్టించుకోలేదు. మామ్మగారు చీర చెంగుతో పట్టుకుని, ముందువైపు కొంచెం వంచారు. సోలు నోరు తెరిచింది. అంచు చుట్టూ పల్చగా గమ్ము గీత, లోపలంతా ఉత్తిదే.

"ఇదీ ఊడేదేనమ్మాయ్, ఇవాళ కాపోతే రేపు. ముట్టుకోకు, కడక్కు" అని ఫొటో తీయించి, కాగితంలో చుట్టి, పోస్టాఫీసులో పార్సిల్ కట్టినట్టు పురికొస బిగించారు.

నాకు ముళ్ళ మీద కూర్చున్నట్టుంది. "ఎందుకొచ్చిన గొడవండి, వదిలేద్దాం. ఉద్యోగం పోతే? పాప చదువు?" అన్నాను.

ఏమీ కాదులే అంటారనుకున్నాను. అనలేదు. "పోతాదేమో. నాకూ భయంగానే ఉంది" అన్నారు.

నిజానికి వదిలేసేదాన్నే. కానీ మర్నాడు ప్రేయర్‌లో నిలబడితే నా కళ్ళు పిల్లల మొహాలమీద నిలవలేదు. వరసలు వరసలుగా నల్ల బూట్లు. అన్నీ ఒకే కొట్టువి. ఆ పాదాలన్నీ సాయంత్రానికి రోడ్డెక్కుతాయి. నోరు కదులుతోందే గానీ పాట రాలేదు. ఆ వారమంతా బడి వదిలాక గేటు దగ్గర నిలబడి, చివరి పిల్ల రోడ్డు దాటేదాకా చూసేదాన్ని. లారీ హారన్ వినబడితే చాలు, దగ్గరున్న పిల్లని రెక్క పట్టుకుని వెనక్కి లాగేదాన్ని. నా ఉద్యోగం కోసం ఇంతమంది కాళ్ళను పందెం కాస్తున్నానా అని సిగ్గేసింది. వారం తిరిగాక వెళ్ళి "రాద్దాం మామ్మగారూ" అన్నాను.

ఆవిడ అప్పటికే వినియోగదారుల హెల్ప్‌లైనుకి ఫోన్ చేసి అన్నీ కనుక్కున్నారు. గొంతు వణుకుతుందేమోనని ముందు గ్లాసుడు నీళ్ళు తాగి చేశారట. "వాపసు తీసుకోం అని అచ్చేసుకున్నంత మాత్రాన సరిపోదటమ్మా. సరుకులో లోపముంటే మార్చాలి, లేదా డబ్బివ్వాలి. ముందు మనం నోటీసు పంపాలి. వినకపోతే జిల్లా కమిషన్‌కి మనమే రాసుకోవచ్చట, లాయరు లేకపోయినా" అన్నారు.

నేను రాయడం మొదలుపెడితే, రెండో వాక్యానికే ఆపేశారు. "కోపం రాయకు. కోపం రాస్తే నీ కోపానికే జవాబు చెబుతారు, బూటుకి చెప్పరు. ఏ రోజు కొన్నావు, ఏ రోజు ఊడింది, ఎలా ఊడింది, అది రాయి." ఎడమ బూటు నేనే కడిగానన్న సంగతి కూడా రాయించారు. "వాళ్ళు అనకముందే మనం అనేస్తే వాళ్ళకింక అనడానికేం ఉండదు" అన్నారు.

సంతకం దగ్గర నా చెయ్యి ఆడలేదు. మామ్మగారు తన చెయ్యి చాచి చూపించారు. అదీ వణుకుతోంది. "వణికే చేత్తో పెట్టినా సంతకం సంతకమేనమ్మాయ్" అన్నారు. ఆ మాట ఆ తర్వాత నాకెన్నిసార్లు పనికొచ్చిందో చెప్పలేను.

నోటీసు రిజిస్టరు పోస్టులో వెళ్ళిన అయిదో రోజున కరస్పాండెంటుగారు నన్ను గదిలోకి పిలిచారు. ఈ పిలుపు వస్తుందని మామ్మగారు రోజూ నాతోపాటు బడికొచ్చి, ఆయా పక్కన బెంచీ మీద కూర్చునేవారు, ఒళ్ళో ఆ పార్సిల్‌తో. అది నా చేతికిచ్చి పంపారు.

"ఇంటి గుట్టు వీధిలో పెట్టేరేంటమ్మా? ఓ మాట నాతో అంటే సరిపోను గదా" అన్నారాయన నెమ్మదిగా. అరిచి ఉంటే అంత భయం వేసేది కాదు. ఎలా మొదలుపెట్టాలో అని తయారు చేసుకున్న మాటలన్నీ మరిచిపోయాను. పురికొస విప్పి, బూటు బల్లమీద పెట్టి, వంచి చూపించాను. "సార్, ఇది ఒక్కటే అయితే నేను రాయను. మీరే ఎవరినైనా పిలిచి చూడండి" అన్నాను. ఆ మాత్రం ఎలా అనగలిగానో తెలీదు.

వరండాలో వెళ్తున్న నాలుగో తరగతి పాపని పిలిచారు. బూటు విప్పించి ఆయనే వంచారు. నోరు తెరుచుకుంది. ఆయన దాన్ని మా పాప బూటు పక్కనే బల్లమీద పెట్టారు. తర్వాత, "మీరు వెళ్ళండమ్మా" అన్నారు.

నాలుగో రోజుకి కొట్టువాళ్ళే వ్యాను తెచ్చి ఆ బూట్లన్నీ వెనక్కి పట్టుకెళ్ళారు. డబ్బు కూడా ఇచ్చారు. కమిషన్‌ దాకా వెళ్ళే పని పడలేదు. వేసవి సెలవులకి ముందు, వచ్చే ఏడాదికి నా అవసరం లేదని స్కూలువాళ్ళు చెప్పారు. నేను దేనికి భయపడ్డానో అదే జరిగింది. పాపని గవర్నమెంటు బడిలో వేశాను. నాకు ఇంకోచోట పని దొరికేదాకా మామ్మగారు "నా మూలంగానే కదమ్మా" అంటూ రోజూ ఏదో ఒక వంకన కూరో పచ్చడో తెచ్చి ఇచ్చి, నా మొహంలోకి చూడకుండా వెళ్ళిపోయేవారు. మీ మూలంగా కాదండీ, మీ మూలంగా నేను మనిషినయ్యాను అని ఒక్కసారైనా ఆవిడతో అనలేదు. అనాల్సింది.

ఇవాళ ఆవిడని తలుచుకుంటే నాకు వ్యాను వచ్చిన ఆ రోజే కళ్ళముందుకొస్తుంది. బూట్లు ఇచ్చేసిన పిల్లలు సాక్సులు జేబుల్లో కుక్కుకుని ఉత్తికాళ్ళతో ఇళ్ళకి బయల్దేరారు. వాళ్ళకి అదో పండగ. మామ్మగారికి సంగతి ముందే ఫోన్లో చెప్పాను. మా ఊరి పిల్లలు ఏడెనిమిది మందితో నేను బస్సు దిగేసరికి మామ్మగారు కొబ్బరి చీపురు పట్టుకుని రోడ్డు వార నిలబడి ఉన్నారు. "ఏడ్చినట్టే ఉంది! ఉత్తికాళ్ళతో ఎలా నడుస్తారర్రా? దారినిండా గాజుపెంకులూ, ముళ్ళూనూ" అన్నారు. నేను వద్దంటున్నా వినకుండా నడుం వంచి ముందు నడిచారు. నాలుగడుగులు ఊడ్చి, వెనక్కి తిరిగి "ఆగండర్రా, ఆగండి" అని, మళ్ళీ నాలుగడుగులు. ఆవిడ వెనకాల పిల్లలు నవ్వు ఆపుకుంటూ, ఆవిడ ఊడ్చిన చోటే పాదాలు పెట్టి నడుస్తున్నారు.