బాపు అంగీ కాజాలు

మా బాపు చివరిసారి తొడుక్కున్న అంగీకి కాజాలన్నీ గుండీల కంటే బాగా పెద్దవి. పొరపాటున కాదు, నేను కావాలనే అలా కుట్టాను. ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. రోజూ రాసుకునే డైరీలో కూడా రాయలేదు.

అప్పుడు మేం గౌలిపురలో ఉండేవాళ్లం. బాపు బస్సు డిపోలో ఫిట్టర్. ఆ ఎండాకాలం పక్షవాతం వచ్చి కుడిచేయి పడిపోయింది. వానలు మొదలయ్యేసరికి చేయి కొంచెం లేచింది కానీ వేళ్లకు పట్టు రాలేదు. పొద్దున్నే అమ్మ అంగీ గుండీలు పెడుతుంటే బాపు ముఖం గోడవైపు తిప్పుకునేవాడు. గడప దాటేవాడు కాదు.

"దోస్తులు అడుగుతున్నరు, హోటల్‌కు చాయ్ తాగనీకి వస్తలేడేందని," అంది అమ్మ ఒకరోజు.

"నా గుండీలు నేను పెట్టుకున్ననాడు పోత. పెండ్లాం తొడిగిన అంగీతోని నల్గుర్ల కూసోను."

నేనప్పుడే క్లాసుకు వెళ్లి కుట్టుమిషన్ నేర్చుకుంటున్నాను. బాపు పాత అంగీల కాజాలు చేతికుట్టువి, బిగుతుగా ఉండేవి. మిషన్ కాజాలతో కొత్తది కుట్టి ఇస్తే గుండీలు ఆయనే పెట్టుకుంటాడనుకున్నాను. కాజాలు కుట్టే చిన్న ఇనుప డబ్బా ఒకటి ఇంట్లో ఉంది. బాపు ఎప్పుడో జుమేరాత్ బజార్‌లో పాత సామాన్ల కుప్పలోంచి తెచ్చాడు. సూది దగ్గర బట్టను నొక్కిపట్టే పాదం తీసి ఆ చోట దీన్ని బిగిస్తే, బట్టను అదే అటూ ఇటూ జరుపుతుంది.

పేలిక మీద కుట్టి చూశాను. కింద దారం ముద్దకట్టింది. సూది మార్చాను. పై దారం వదులు చేశాను. బాబిన్ మీది కింది దారం విప్పి మళ్లీ చుట్టాను. అయినా కాజా ఒకపక్క సన్నగా, ఇంకోపక్క లావుగా, వంకరగానే వచ్చింది. క్లాసులో టీచరమ్మను అడుగుదామని తీసుకెళ్లాను. అందరి ముందు తీసి చూపడానికి సిగ్గేసింది. పేలికను నవల పేజీల మధ్య దాచుకొని తిరిగొచ్చాను.

"ఏందే గిది? కాజానా, గొంగళిపురుగా?" అని అమ్మ నవ్వింది.

బాపు నవ్వలేదు. మిషన్ దగ్గరికి కుర్చీ వేయించుకున్నాడు. నన్ను చక్రం మెల్లగా తిప్పమని, సూది కిందికి వంగి చూశాడు.

"కింద ఇనుప పండ్లు బట్టను ముందటికి గుంజుతున్నయ్. మీద నీ డబ్బా పక్కకు గుంజుతుంది. నడుమ అది ఎవరి మాట వినాలె బిడ్డా? పండ్లు మూసెయ్."

బిస్కెట్ల డబ్బా మూత తెచ్చాను. ఆయన చెబుతుంటే పళ్లను మూసేంత రేకు కత్తిరించాను.

"కత్తెర పోతదని ఫికర్ చెయ్యకు. అంచులు రాయి మీద రుద్దు, లేకుంటె బట్టను కొరుక్కతింటది. సూదికి తొవ్వ ఇడిసిపెట్టు. ఆఁ, గట్ల."

పళ్ల మీద ఆ రేకు పెట్టి, దెబ్బలకు అంటించే పట్టీతో అతికించాను. ఈసారి కాజా నిటారుగా వచ్చింది. బాపు దాన్ని ఎడమచేత్తో తిప్పితిప్పి చూశాడు. డిపోలో ఆయన ఎలా ఉండేవాడో నాకు ఆ పూట తెలిసింది.

అంగీ పూర్తయింది. కాజాలు క్లాసులో చెప్పిన కొలతకు సరిగ్గా ఉన్నాయి. బాపు మంచం మీద కూర్చొని మొదటి గుండీ పట్టుకున్నాడు. నేను పుస్తకం చదువుతున్నట్టు కూర్చున్నాను. గుండీ సగం దూరేది, వేలు జారేది. నుదుటి మీద చెమట పట్టింది. చివరికి అంగీ విప్పి పక్కన పెట్టాడు.

"కాజాలు మంచిగనే ఉన్నయ్ బిడ్డా," అన్నాడు.

మధ్యాహ్నం ఆయన పడుకున్నాక అంగీ ముందుభాగంలో కాజాలున్న పట్టీ ఊడదీశాను. మిగిలిన బట్టతో కొత్త పట్టీ వేసి, డబ్బా మీద కొలత మర తిప్పి, కాజాలన్నీ పెద్దగా కుట్టాను. క్లాసులో అయితే పనికిరావని పక్కన పడేసేవాళ్లు.

మర్నాడు గుండీలు ఒక్కొక్కటే దూరాయి. చాలాసేపు పట్టింది, కానీ అన్నీ దూరాయి. అమ్మ చేతిలో చాట అలాగే పట్టుకొని గల్లీలోకి పరుగెత్తింది.

"గుండీలు ఆయనే పెట్టుకున్నడు! చెయ్యొచ్చింది!"

బాపు హోటల్‌కు బయల్దేరాడు. నేను గడపలో నిలబడి చూశాను. నాలుగడుగులు వేయగానే రెండో గుండీ కాజాలోంచి దానంతటదే జారిపోయింది. బాపు ఆగి, అది కనపడకుండా ఎడమచేయి ఛాతీ మీద పెట్టుకొని మళ్లీ నడిచాడు. ఆ తర్వాత ఎప్పుడు బయటికి వెళ్లినా అలాగే నడిచేవాడు.

అమ్మ మాత్రం మళ్లీ డ్యూటీ మాట ఎత్తింది. మర్నాటికి అందాలని రోజూ రాత్రే ఆ అంగీ ఉతికి ఆరేసేది.

దసరాకు ముందు ఒక ఉదయం నేను క్లాసుకు వెళ్తుంటే బాపు గడప దగ్గర పిలిచాడు. మధ్యాహ్నం నేను తిరిగొచ్చేసరికి ఆయనకు మళ్లీ పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఆ వారం దాటలేదు. నాతో ఆయన చివరిగా మాట్లాడింది ఆ గడప దగ్గరే. అప్పుడు అమ్మ నల్లా దగ్గర బిందె కడుగుతోంది. బాపు అటు చూసి, గొంతు తగ్గించి అన్నాడు:

"కాజాలు పెద్దగ కుట్టినవని మీ అమ్మకు చెప్పకు బిడ్డా. నా చెయ్యి మంచిగైతుందని మస్తు సంబరపడుతుంది."