పదకొండు పాటల కోసం

మా పాపకి గిటార్ నేర్పిన టీచర్ పోయిన మంగళవారం ఉదయం ఆసుపత్రిలో కన్నుమూసింది. ముప్పై ఏళ్లు నిండలేదు. వాళ్లమ్మ ఫోన్ చేసి ఒక్క ముక్క చెప్పి పెట్టేసింది. నేను ఇక్కడ అమెరికాలో, మోరిస్‌విల్‌లోని మా ఆఫీస్ పార్కింగ్‌లో కారు దిగకుండా కూర్చుండిపోయాను. మీటింగ్ మొదలైందని మెసేజ్‌లు వస్తూనే ఉన్నాయి.

ఆమెది ఇంగ్లండ్‌లో సముద్రపు ఒడ్డున చిన్న ఊరు. పదహారేళ్లకే పబ్బుల్లో సొంత పాటలు పాడేది. ఇరవై దాటకముందే ఒక కంపెనీ ఆమె ఆల్బమ్ తెచ్చింది. రేడియోలో రెండు పాటలు బాగా మోగాయట. రెండో ఆల్బమ్‌కి వేరేవాళ్లు రాసినవి పాడమన్నారు. పాడనంది. వాళ్లు వదిలేశారు. అమెరికా వచ్చి చిన్న చిన్న చోట్ల పాడుకుంటూ తిరిగి, చివరికి మేముండే క్యారీ ఊళ్లో మా పక్క అపార్ట్‌మెంట్‌లో అద్దెకు దిగింది.

"పిల్లలందరూ మిమ్మల్ని ఆంటీ అంటున్నారు, నేనూ అనాలా?" అని మొదటిరోజే ఇంగ్లీషులో అడిగింది.

"అక్కా అను, చాలు" అన్నాను. ఆ 'క్క' దగ్గర ఆమె నాలుక చివరిదాకా తడబడుతూనే ఉంది.

పాప తప్పు వాయించి ఆగిపోతే, "ఆగకు. విన్నవాళ్లకి తప్పు గుర్తుండదు, నువ్వు ఆగడం గుర్తుంటుంది" అనేది. కిరాణా రసీదుల వెనక పాటలు రాసుకునేది. నేను కూరగాయలు తరుగుతుంటే పక్కన నిలబడి ఒక్కో లైనూ పాడేది. ఎలా ఉందని అడిగేది కాదు. నా కత్తి ఆగితే ఆ లైను ఉంచేది, ఆగకపోతే కొట్టేసేది.

కిందటేడు ఆమె గొంతు బొంగురుపోయింది. ఎంతకీ తగ్గకపోతే నేనే కారులో డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. గొంతులో కణితి ఉందనీ, వెంటనే ఆపరేషన్ చేయాలనీ, ఆ తర్వాత గొంతు ఇలాగే ఉంటుందని చెప్పలేమనీ అన్నారాయన.

కారెక్కాక అంది: "అక్కా, పదకొండు పాటలున్నాయి. రికార్డ్ చేసేసి ఆపరేషన్‌కి వెళ్తాను. అమ్మకి మాత్రం చెప్పొద్దు."

"పిచ్చా నీకు? ముందు ప్రాణం."

"ఇవి ఈ గొంతుతో రాసుకున్నవి. ఇంకో గొంతుతో ఎలా పాడను?"

నేను వాదించాను. తర్వాత ఊరుకున్నాను. మాట కూడా ఇచ్చాను.

ఆదివారాలు వాళ్లమ్మ వీడియో కాల్ చేసినప్పుడు నేను అక్కడ ఉంటే నన్నూ పలకరించేది. "అది వేళకి తింటోందా?" అని అడిగేది. తింటోందని చెప్పేదాన్ని. అంతకుమించి ఒక్క మాటా చెప్పలేదు.

ఒక్క పాటయ్యేసరికి గొంతు పోయేది. మళ్లీ వారం ఆగాలి. అలా మూడు నెలలు పట్టింది. ఆపరేషన్‌కి ముందురోజు తల్లికి చెప్పింది. ఆవిడ పరుగున వచ్చింది. జబ్బు అప్పటికే పాకిపోయిందన్నారు. ఆపరేషన్ అయ్యాక ఆమె గొంతు మళ్లీ వినలేదు. పలక మీద రాసి మాట్లాడేది. పాప వెళ్లి గిటార్ వాయిస్తే మంచం ఊచ మీద వేళ్లతో తాళం వేసేది.

అంత్యక్రియలయ్యాక సామాను సర్దుతూ తల్లి నన్ను అడిగింది: "నీకు ముందే తెలుసా?"

"తెలుసు. ఆపరేషన్‌కి మూడు నెలల ముందే."

ఆవిడ చేతిలోని చొక్కా మడత విప్పి, మళ్లీ మడిచింది. "నాకు చెప్పి ఉంటే ఆ పాటలు ఆపించేదాన్ని. అందుకే నీకు చెప్పింది" అంది. ఆ మాటలో క్షమ ఉందో, నింద ఉందో నాకిప్పటికీ తెలియదు. ఆ పదకొండు పాటలూ ఇంకా వినలేకపోతున్నాను.

నిన్న ఆవిడని, తనతో తీసుకెళ్తున్న కూతురి గిటార్‌తో సహా, ఎయిర్‌పోర్ట్‌లో దింపాం. విమానంలో చలికి గిటార్ మెడ విరగకుండా తీగలు వదులు చేయాలని పాపకి గుర్తొచ్చింది. "అమ్మా, వన్ మినిట్, లూజ్ చేసి ఇస్తాను" అంటూ పేవ్‌మెంట్ మీద మోకాళ్ల మీద కూర్చుంది. కార్లు హారన్లు కొడుతున్నాయి. టీచర్ తల్లి గిటార్ పెట్టె మూత పట్టుకుని వంగి నిలబడింది. పాప తీగలు బిగించే మరలు ఒక్కొక్కటీ తిప్పుతుంటే ఆరు తీగలూ ఒకదాని తర్వాత ఒకటి స్వరం దిగుతూ, దిగుతూ, మూగబోయాయి.