రాజమణి వేసిన కటింగ్ బల్ల

బహ్రెయిన్‌లో రాజమణి పనిచేసే యూనిఫాంల కంపెనీలో ఆ గురువారం మధ్యాహ్నం మిషన్లన్నీ ఆపించారు. సూపర్‌వైజర్ నడుమ నిలబడి రెండే మాటలు చెప్పాడు. ఇంటికి పోతామనేవాళ్లకు కంపెనీయే టికెట్ కొనిస్తుంది. ఉంటామనేవాళ్లకు ఆర్డర్లు పుంజుకునేదాకా వారానికి మూడు రోజులే పని. ఎప్పుడు పుంజుకుంటాయని ఎవరో అడిగారు. రంజాన్ పోనివ్వండి, చూద్దాం అన్నాడు. కరోనా తగ్గినప్పటి నుంచి ఆయన ఏటా అదే మాట చెబుతున్నాడు.

సాయంత్రం గదిలో ముగ్గురు ఆడవాళ్లు కూరగాయలు కోస్తూ దాని గురించే మాట్లాడుకున్నారు. మల్యాల నుంచి వచ్చిన వజ్రమ్మ ముగ్గురిలో పెద్దది. బుగ్గారం స్వర్ణలత చిన్నది. రాజమణిది సిరిసిల్ల.

"పోయి ఏం జేత్తం చెల్లె? ఆడ మనకోసం కొలువులు కాసుకోని ఉన్నయా? గీడ మూడు రోజులన్న పనున్నది" అంది వజ్రమ్మ.

"నేనైతే పోత అక్కా. పోయి పది రోజులు కడుపునిండ నిద్రపోత. తర్వాత సంగతి తర్వాత" అంది స్వర్ణలత.

ఇద్దరూ రాజమణి వైపు చూశారు.

"మీరిద్దరు ఫోన్ల ఇన్నదే చెప్తున్నరు" అంది రాజమణి. "ఇంటికాడోళ్లు ఒకనాడు మంచిగున్నదంటరు, ఒకనాడు ఏం లేదంటరు. నేను పోయి నా కండ్లతోటి సూత్త. నా చేతికి పని దొరికిందా, ఉంట. దొరకలేదా, తిరిగొత్త."

"కుట్టు పని యాడైన దొరుకుతది గదా" అంది స్వర్ణలత.

"కుట్టుడు గాదు. కోసుడు."

రాజమణికి ఆ తేడా చాలా పెద్దది. కోరుట్లలో పుట్టి, తల్లి ముత్తవ్వ బీడీలు చుడుతుంటే పక్కన కూర్చుని పెరిగిన పిల్ల. పదో తరగతి అయ్యాక ఇంటి ముందున్న టైలర్ దగ్గర కుట్టు నేర్చుకుంది. సిరిసిల్లకు కోడలై వచ్చి, మరమగ్గాల పని పడిపోయిన ఏడు, కూతురు అక్షితకు ఎనిమిదేళ్లున్నప్పుడు బహ్రెయిన్ పోయింది. మొదటి నాలుగేళ్లు వరసలో కూర్చుని కాలర్లు మాత్రమే కుట్టింది. ఒకసారి కటింగ్ మాస్టర్ జబ్బుపడి మంచమెక్కాడు. ఆస్పత్రి నర్సుల యూనిఫాంలు వారంలో పోవాలి. అన్నాళ్లూ వరసలోంచి ఆ పని చూస్తూ వచ్చిన రాజమణి లేచి వెళ్లి, ఎడమ చేతికి ఇనుప జాలీ తొడుగు వేసుకుని, నిలువు కత్తి ఉన్న కరెంటు మిషన్ పట్టుకుంది. ఎనభై పొరల బట్ట మీద గీసిన గీత వెంట కత్తిని నడిపించి, అడుగు పొర ముక్క తీసి పై పొర ముక్క మీద పెట్టి చూపించింది. దారం మందం తేడా లేదు. ఆ తర్వాత ఆమెను మళ్లీ కాలర్ల దగ్గర ఎవరూ కూర్చోబెట్టలేదు. పది మంది మగవాళ్లున్న కటింగ్ గదిలో ఒక్కతే ఆడది. ఐదేళ్లు గడిచేసరికి వాళ్లే ఆమెను మాస్టర్ అని పిలిచారు.

నాలుగు నెలల సెలవు రాయించుకుంది. ఆ లోపల తిరిగొస్తే ఆమె చోటు ఆమెదే. గడువు దాటితే మళ్లీ కొత్తగా వీసా కోసం తిరగాలి. స్వర్ణలతతో కలిసి హైదరాబాద్‌లో విమానం దిగింది.

సిరిసిల్లలో మొదటి రోజే వాడకట్టు ఆడవాళ్లు పలకరించడానికి వచ్చారు. ఎప్పుడొచ్చినవ్ అని అడిగిన నోటితోనే మళ్ల ఎప్పుడు పోతవ్ అని అడిగారు. తమాషా ఏమిటంటే ఇంట్లోనూ అందరూ అదే ధోరణిలో ఉన్నారు. భర్త ప్రేమ్‌కుమార్ ఆమె పెట్టెను అటక మీద పెట్టకుండా తలుపు పక్కనే ఉంచాడు. డిగ్రీ చదువుతున్న అక్షిత తల్లితో చుట్టంతో మాట్లాడినట్టు నెమ్మదిగా మాట్లాడుతోంది.

ఇంటి వెనక రేకుల షెడ్డులో నాలుగు సాంచాలున్నాయి. మామ రాజనర్సు పెట్టిన మరమగ్గాలు. రెండు నడుస్తున్నాయి, రెండింటి మీద దుమ్ము పేరుకుంది. ప్రేమ్‌కుమార్ రోజంతా ఆ రెండింటి మధ్యే తిరుగుతాడు.

"సర్కారు చీరల ఆర్డర్ వత్తే మూడు నెలలు ఊపిరాడది. లేకుంటే గిట్ల. వచ్చే ఏడు సంగతి ఎవలకు ఎరుక? నువ్వు ఆ కొలువు ఇడువకు" అన్నాడు.

రాజమణి మాత్రం మర్నాటి నుంచే పని వెతకడం మొదలుపెట్టింది. జగిత్యాలలో పెద్ద బట్టల దుకాణం మీది అంతస్తులో టైలరింగ్ ఉందంటే పోయింది. జాకెట్లు కుట్టమన్నారు. సిరిసిల్ల అవతల కొత్తగా పెట్టిన బట్టల ఫ్యాక్టరీలో మేనేజర్ హరిప్రసాద్ మర్యాదగా కుర్చీ వేశాడు, ఆమె చెప్పినదంతా విన్నాడు.

"కటింగ్ సైడు ఆడోళ్లను పెట్టుకోమమ్మా. మిషన్ మీద కూసుంటనంటే రేపే రా."

"సార్, ఒక్క థాను ఇయ్యుండ్రి. కోసి సూపిత్త. నచ్చకుంటే నేనే పోత."

"నువ్వు కోత్తవమ్మా, కాదంటలేను. కానీ రూల్ గట్లున్నది."

రాజమణి నమస్కారం పెట్టి బయటికొచ్చింది. ఆటో ఎక్కకుండా ఎండలో ఇంటిదాకా నడిచింది. నడుస్తున్నంతసేపూ కోపంతో కాళ్లు వేగంగా పడ్డాయి.

రెండు నెలలు అట్లా పోయాయి. మే నెలలో తల్లిని చూడటానికి కోరుట్ల వెళ్లింది. ముత్తవ్వ ఇంటి పక్క కమ్యూనిటీ హాలులో మహిళా సంఘం వాళ్లు బడిపిల్లల యూనిఫాంలు కుడుతున్నారని తెలిసి చూద్దామని పోయింది. లోపల పన్నెండు కుట్టు మిషన్లు, పన్నెండు మంది ఆడవాళ్లు. కుడుతున్నది ముగ్గురే. మిగతావాళ్లు చేతులు కట్టుకుని కూర్చున్నారు. మూలన ఒక టైలర్ నేల మీద బట్ట పరిచి, కత్తెరతో ఒక్కొక్క చొక్కా కోస్తున్నాడు. ఆయన కోసేదాకా వీళ్లకు కుట్టడానికి ముక్క లేదు. గోడకు ఆనించి బట్ట థాన్లు మనిషెత్తు ఉన్నాయి. జూన్‌లో బళ్లు తెరుస్తారు.

సంఘం అధ్యక్షురాలు మొగిలవ్వ తల పట్టుకుని కూర్చుంది.

"అవ్వా, గిదంతా పది రోజులల్ల నేను కోసిత్త" అంది రాజమణి.

మొగిలవ్వ ఎగాదిగా చూసింది. "నువ్వెవలు బిడ్డా?"

"ముత్తవ్వ బిడ్డను. బహ్రెయిన్ల గిదే పని జేసిన."

"ఎట్ల కోత్తవ్? ఆయన నెల సంది కోత్తనే ఉన్నడు."

"ఒకటొకటి కోసుడు గాదు. యాభై పొరలు ఒక్కసారి. కాకుంటే పొడుగు బల్ల గావాలె, కరెంటు కత్తి గావాలె. కత్తి నేను తెప్పిచ్చుకుంట. బల్ల ఏసే జాగ నాకు సిరిసిల్లల ఉన్నది. బట్ట ఆడికి పంపియ్యుండ్రి. ముక్కలు మూటగట్టి పంపుత."

మొగిలవ్వ సంఘం వాళ్ల ముఖాలు చూసింది. చేతులు కట్టుకుని కూర్చున్న తొమ్మిది మందిలో ఒకామె, "ఇయ్యుండ్రి అవ్వా, గీడ ఉత్తగ కూసునుడు కంటే నయం గదా" అంది. సగం థాన్లు ఇస్తామని ఒప్పుకున్నారు.

జాగ ఉందని రాజమణి ధైర్యంగా చెప్పింది గానీ, ఆ జాగలో సాంచాలున్నాయి. ఇరవై అడుగుల బల్ల పట్టాలంటే నడవని రెండింటినీ విప్పి తీసేయాలి. విప్పిన సాంచను కొనేవాడు లేడు, పాత ఇనుముకే పోతుంది.

ఇంట్లో ఆ మాట అనగానే ప్రేమ్‌కుమార్ అన్నం ముందు నుంచి లేచాడు.

"పదేండ్లు ఆడ ఉండి ఒచ్చి నా సాంచాలు పీకుతనంటవా? ఒక్క సీజన్ పని గది. జూన్ల అయిపోతది. తర్వాత బల్లను సూసుకుంట కూసుందామా? నువ్వు పోయి నీ కొలువు జేసుకో. నేను గీటి తోటి బతుకుత."

"జూన్ల అయిపోతదని నాకు గూడ ఎరుకే" అంది రాజమణి. "ఆడ కొలువు మాత్రం ఎన్నాళ్లుంటదో ఎవలు జెప్పిండ్రు? మూడేండ్ల సంది రేపు మాపు అంటండ్రు. రెండు దిక్కుల గట్లనే ఉన్నప్పుడు, నేను ఇంటికాడ ఉండి కొట్లాడుత."

ప్రేమ్‌కుమార్ బయటికి వెళ్లిపోయాడు. అప్పటిదాకా గడపలో కూర్చుని ఉన్న అక్షిత తల్లి దగ్గరికి వచ్చింది.

"నిజంగనే ఉంటవా అమ్మా?"

"ఎందుకట్ల అడుగుతున్నవ్?"

"నువ్వు వచ్చినవని కాలేజీల ఎవలకు చెప్పలే. చెప్పినంక మళ్ల పోతవు. పోయినసారి గట్లనే అయింది."

పోయినసారి అంటే ఐదేళ్ల కింద. ఇక పోనని కూతురికి మాటిచ్చి, నలభై రోజులకే విమానమెక్కింది రాజమణి. ఆ సంగతి ఆమె మరిచిపోయింది. పిల్ల మరిచిపోలేదు. ఉంటానని నోటితో చెప్పడానికి రాజమణికి ధైర్యం చాల్లేదు.

మర్నాడు పొద్దున షెడ్డులోంచి ఇనుము మోగిన చప్పుడుకు ఆమె లేచి వెళ్లింది. డెబ్బై దాటిన మామ రాజనర్సు నేల మీద కూర్చుని, పెద్ద పానాతో దుమ్ము పట్టిన సాంచ బోల్టు తిప్పుతున్నాడు. ప్రేమ్‌కుమార్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"బాపూ, నువ్వేం జేత్తున్నవ్?" అన్నాడు.

"కనవడతలేదా?" రాజనర్సు తల ఎత్తలేదు. "నేను గీడ్నే గుంటమగ్గం పూడ్చి సాంచాలు పెట్టిన. మా బాపు ఆర్నెల్లు నాతోటి మాట్లాడలే. నేను మగ్గాన్ని సంపిన అన్నడు. తర్వాత గీ సాంచాల బువ్వనే తిన్నడు. ఆయన కోపం తప్పు గాదు, నేను జేసింది గూడ తప్పు గాదు. నడిచేటియి నడుపుకో. నడవనిదాన్ని కావలి కాసుడెందుకు?" మళ్లీ పానా తిప్పబోయాడు. "బోల్టు తుప్పు పట్టింది, నా తోటి అయితలేదు. ఒచ్చి పట్టు."

ప్రేమ్‌కుమార్ చివరికి వచ్చి పానా అందుకున్నాడు. తండ్రీ కొడుకులు మధ్యాహ్నందాకా రెండు సాంచాలనూ ముక్క ముక్కగా విప్పారు. పాత ఇనుము కొనే మనిషి ట్రాలీ తెచ్చినప్పుడు మాత్రం ప్రేమ్‌కుమార్ ఇంట్లోకి పోయి పంపు కింద ముఖం కడుక్కుంటూ ఉండిపోయాడు. రాజమణి వెంట వెళ్లలేదు. ఆ కాస్సేపు ఆయనకు వదిలేసింది.

వడ్రంగితో బల్ల వేయించారు. హైదరాబాద్ నుంచి కరెంటు కత్తి వచ్చింది. కోరుట్ల థాన్లు దిగాయి. బట్టను పొరలు పొరలుగా బల్ల మీద పరిచిన మొదటి రోజు ఆమె గీతలను రెండుసార్లు కొలిచి చూసుకుంది. బహ్రెయిన్‌లో తప్పు కోస్తే కంపెనీ బట్ట. ఇక్కడ తప్పు కోస్తే బడిపిల్లల బట్ట, తల్లి వాడకట్టు ఆడవాళ్ల కష్టం. జాలీ తొడుగు బిగించుకుని కత్తి ఆన్ చేసింది. గీత వెంట పది అడుగులు పోయేసరికి చేతికి దాని పని గుర్తొచ్చింది.

మూడో రోజు కరెంటు పోయి సగం కోతలో ఆగిపోయింది. ఐదో రోజు ఒక సైజులో చేతుల పొడవు కొలత పొరపాటు పడింది. అదృష్టవశాత్తూ ముక్కలు పెద్దగా వచ్చాయి, తగ్గించి మళ్లీ కోసింది. తొమ్మిదో రోజు సాయంత్రానికి ఆఖరి మూట కట్టింది. కోరుట్లలో పన్నెండు మిషన్లూ నడుస్తున్నాయని మొగిలవ్వ ఫోన్ చేసి, మిగతా థాన్లు కూడా పంపుతున్నామంది. మేడిపల్లి సంఘం వాళ్లు కూడా పని పంపుతామని నంబర్ తీసుకున్నారట.

సెలవు గడువుకు ఇంకా ఎనిమిది రోజులుందనగా వజ్రమ్మ ఫోన్ చేసింది.

"చెల్లె, ఒక పెద్ద స్కూలు ఆర్డర్ దొరికింది కంపెనీకి. ఆరు రోజుల పని మళ్ల మొదలయింది. మాస్టర్ ఎప్పుడొత్తదని సూపర్‌వైజర్ అడిగిండు. స్వర్ణలత గూడ టికెట్ తీసుకున్నదట. నువ్వు రా."

"మంచిదాయె అక్కా" అంది రాజమణి. మనసారా అంది. ఆ కటింగ్ గది, చల్లటి ఏసీ, మాస్టర్ అనే పిలుపు కళ్ల ముందు మెదిలాయి. ఇక్కడ మేడిపల్లి పని అయ్యాక ఏమిటన్నది ఆమెకు నిజంగానే తెలియదు.

"నేను రాను అక్కా. నా జాగల వేరేటోళ్లను సూసుకొమ్మను."

"పిచ్చిదానివా? ఆలోచన జేసి చెప్పు."

"నాలుగు నెలలు గదే జేసిన."

ఫోన్ పెట్టేసి చూస్తే అక్షిత వెనకాల నిలబడి ఉంది. ఆ సాయంత్రం కాలేజీ స్నేహితురాళ్లు ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చింది. "మా అమ్మ" అని చూపించింది. తలుపు పక్కనున్న పెట్టెను ప్రేమ్‌కుమార్ ఎప్పుడు అటక మీదికి ఎక్కించాడో రాజమణి చూడనే లేదు.

ఆ తర్వాత అంతా సాఫీగా ఏమీ జరగలేదు. బహ్రెయిన్ కంపెనీ నిజంగానే కోలుకుంది. వజ్రమ్మా స్వర్ణలతా అక్కడ నిండా పనిలో ఉన్నారు. సిరిసిల్లలో మరుసటి ఏడు కోరుట్ల సంఘం పని అంతా వచ్చింది గానీ, మేడిపల్లిది సగమే వచ్చింది. సగం ఏడు బల్ల ఖాళీగా పడి ఉంది. ఒక్కోరోజు ప్రేమ్‌కుమార్ ఆ ఖాళీ వైపు చూసి సాంచాల దగ్గరికి పోతాడు. రాజమణి ఖాళీని చూస్తూ కూర్చోలేదు. మామ దగ్గర కూర్చుని, మిగిలిన రెండు సాంచాల మీద దుప్పట్ల బట్ట నేయడం కుదురుతుందా అని అడిగింది. నూలు మారిస్తే కుదురుతుందన్నాడు. ప్రేమ్‌కుమార్ నేసి చూశాడు, కుదిరింది. ఆ బట్టతో ఆస్పత్రి మంచాలకు దుప్పట్లు, నర్సులకు యూనిఫాంలు కోసి, నాలుగు నమూనాలు సంచిలో పెట్టుకుని జగిత్యాల బస్సెక్కింది.

మొదటి ఆస్పత్రిలో వద్దన్నారు. రెండో చోట ఉతికితే రంగు పోతుందేమో చూస్తామని ఒక దుప్పటి ఉంచుకున్నారు. మూడో చోట డాక్టరమ్మ లేదు, సోమవారం రమ్మన్నారు.

సోమవారం తొమ్మిది కాకముందే రాజమణి అక్కడ బెంచీ మీద కూర్చుని ఉంది.