కొంగుతో తుడిచిన గాజుబిళ్ల

ఈ ఉదయం డాబా మెట్లెక్కేసరికి నేలంతా నల్లటి పొరలు. బోధన్ చుట్టుపక్కల చెరుకు కొట్టడం మొదలైందని తెలియడానికి మాకు క్యాలెండరు అక్కరలేదు. కొట్టిన మడిలో మిగిలిన ఆకును తగలబెడతారు. ఆ మసి గాలికి లేచి ఆరేసిన బట్టల మీద, వడియాల మీద, నీళ్ల ట్యాంకు మూత మీద పడుతుంది. వేలు తగిలితే పొడి అయిపోతుంది, కొంచెం తీపి కలిసిన పొగ వాసన వేస్తుంది. సగం ఊడ్చాక, పోయినేడు ఇదే మసి నా చేత చేయించిన పని గుర్తొచ్చి నవ్వుకున్నాను. నేను నవ్వడం ఇంట్లోవాళ్లు చూస్తే జ్వరమేమోనని నుదురు పట్టి చూస్తారు. పైన ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది.

మా కోడలు సర్కారు బడిలో సైన్సు పంతులమ్మ. ఆమెకు ఒక టెలిస్కోపు ఉంది: మోచేతి పొడుగు తెల్ల గొట్టం, దాని వెనుక కెమెరా, కింద మూడు కాళ్ల స్టాండు. చందమామను చూడడానికి కొనుక్కుందనుకున్నాను. చందమామ ఉన్న రోజు అసలు పెట్టె విప్పదు. ఆకాశంలో కంటికి ఆనని మబ్బుల్లాంటివి ఉంటాయట, వాటిని తీస్తుంది. ఒకే చోటికి గురిపెట్టి వంద ఫోటోలు తీసి, కంప్యూటర్లో అన్నిటినీ కలిపి ఒకటి చేస్తుంది. నా పెళ్లికి తీసిందే రెండు ఫోటోలు, వాటిలో ఒకదాంట్లో నేను లేను. అందుకని ఈ వంద సంగతి నాకు మింగుడుపడడానికి చాలా కాలం పట్టింది. ఫోటోలు తీయడం అయ్యాక కూడా ఆమె దాన్ని విప్పదు. దుప్పటి కప్పి కిందికి వస్తుంది. తెల్లవారాక గొట్టం మూతికి తెల్లగుడ్డ కట్టి, ఏమీ లేని ఆకాశాన్ని ఇంకో ఇరవై ఫోటోలు తీసి అప్పుడు విప్పుతుంది. "పొద్దుగాల దాంక కెమెరాను ముట్టుకోవద్దు, తిప్పొద్దు అత్తమ్మ" అని మొదటి రోజే చెప్పింది.

నా చదువు నాలుగో తరగతితో ఆగింది. ఆ తర్వాత ఏర్గట్ల దగ్గర మా అమ్మగారింట్లో నాకు అప్పజెప్పిన కొలువు కందిలి చిమ్నీలు తుడవడం. ఐదు కందిళ్లు, రోజూ సాయంత్రం. ఒక్కదాని మీద మసి కనిపించినా మా అవ్వ నా కంచం బోర్లించేది. అప్పటి నుండి గాజు మీద మచ్చ కనబడితే నా చెయ్యి నన్ను అడగదు. పోయినేడు మసి ఊడ్వడానికి ఒక పొద్దున డాబా ఎక్కాను. రాత్రి ఫోటోలు అయ్యాయి, తెల్లగుడ్డ ఇంకా కట్టలేదు, కోడలు స్నానానికి దిగింది. కెమెరాకు ముందు అగ్గిపెట్టె అరలాంటి చిన్న సొరుగు ఉంటుంది, అందులో రూపాయి బిళ్ల కన్నా కొంచెం పెద్ద గాజుబిళ్ల. వీధిదీపాల వెలుతురును అడ్డుకోవడానికట. దుప్పటి ఎత్తి సొరుగు లాగి చూస్తే గాజు మీద మసి చుక్కలు. పంతులమ్మకు కనబడని దుమ్ము నాకు కనబడింది. నోటి ఆవిరి పెట్టి, కొంగుతో తళతళలాడేలా తుడిచి, మళ్లీ సొరుగు మూసేశాను. కెమెరాను ముట్టుకోలేదు, తిప్పలేదు. మరునాడూ చూశాను, మళ్లీ చుక్కలు, మళ్లీ తుడిచాను. అట్లా ఆరేడు పొద్దులు. ఎవరికీ చెప్పలేదు. చెప్పి చేస్తే పనికి విలువేముంటుంది?

ఆ రోజుల్లోనే కోడలి మొహం వాడిపోవడం మొదలైంది. ఏ ఫోటో చూసినా మచ్చలు. కొన్ని నల్లవి, కొన్ని తెల్లవి, గారెల్లాగా నడుమ తూటుతో. పాపం, ఎన్ని తంటాలు పడిందో. గొట్టానికి మూత పెట్టి ఉత్త చీకటిని ఫోటోలు తీసి చూసింది. ఎక్కడి నుండో వెలుతురు దూరుతోందని గొట్టానికి నల్లగుడ్డ చుట్టింది. మూతికి కట్టే తెల్లగుడ్డలోనే లోపముందేమోనని నన్ను పాత పంచె అడిగింది. చింపనివ్వలేదు, మడతపెట్టి కట్టుకోమన్నాను. ఫోన్లో తెలిసినవాళ్లను అడిగింది. ఏదీ పనిచేయలేదు. మావాడు అన్నం తింటూ, "కెమెరానే ఖరాబైంది. అమ్మెయ్యి, పీడ పోతది" అన్నాడు. నిజామాబాద్ నుండి ఒకాయన ఆదివారం వచ్చి టెలిస్కోపుతో సహా తీసుకుపోతాడట. కోడలు "సరే" అన్నది. మామూలుగా మావాడు ఒకటంటే ఆమె రెండంటుంది. ఆ ఒంటి 'సరే' నాకు నచ్చలేదు.

బుధవారం మధ్యాహ్నం ఇద్దరం కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తుంటే అడిగాను.

"పొద్దుగాల ఉత్త ఆకాశాన్ని ఎందుకు తీస్తవే?"

"గాజు మీద దుమ్ముంటది గద అత్తమ్మ. దాని నీడ అన్ని ఫోటోలల్ల పడ్తది. ఉత్త ఆకాశాన్ని తీస్తే గా నీడలొక్కటే వస్తయి. గప్పుడు రాత్రి ఫోటోలకెళ్లి గా నీడల్ని కంప్యూటర్ తీసేస్తది."

"దుమ్మే తుడుస్తే పాయె గద."

"రాత్రి ఫోటోలు తీసినంక తుడిస్తే ఇంకేమున్నది? రాత్రి నీడ ఒక తీరు, పొద్దుటి నీడ ఒక తీరు. దుమ్ము ఉన్నది ఉన్నట్టే ఉండాలె. గిప్పుడు నాకు రెండూ కలుస్తలేవు. ఎందుకో సమజ్ అయితలేదు."

చేతిలో చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది. నాకు సమజ్ అయింది.

చెప్పేస్తే అయిపోయేది. కానీ ఈ ఇంట్లో ఇన్నేళ్లుగా తప్పులు పట్టడం నా పని, చేయడం మిగతావాళ్ల పని. సాయంత్రం చెప్దామనే టీ తీసుకుని కోడలు కూర్చున్న ముందరి గది దాకా పోయి, "చల్లారుతది, తాగు" అని తిరిగొచ్చాను. గురువారం పోయి కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగాను. శుక్రవారం ఏమీ అడగలేదు, ఊరికే నిలబడి వచ్చాను. శనివారం సాయంత్రానికి కోడలు గొట్టాన్ని అట్టపెట్టెలో పడుకోబెట్టి, వైర్లు చుట్టి, నాలుగు మూలలా పాతబట్టలు కుక్కింది. తాడు చేతిలోకి తీసుకుంది.

"గా తాడు కట్టకు" అన్నాను.

"ఎందుకత్తమ్మ?"

"గాజు నేను తుడిచిన."

"ఏ గాజు? ఎప్పుడు?"

"గా సొరుగుల గాజు. రోజు పొద్దుగాల, నువ్వు తానానికి పోయినప్పుడు."

కోడలు తాడు కింద పెట్టింది. "దేంతోటి తుడిచిండ్రు?"

"కొంగుతోటి."

కాసేపు నా కొంగు వంకే చూసింది. "ఉమ్మి పెట్టలేదు గదా?"

"నన్నేమనుకున్నవే? నోటి ఆవిరి పెట్టిన."

అప్పుడు నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది. ఆ తుడుచుకోవడంలో నవ్వు కానిది కూడా కొంత ఉన్నదని నాకు తెలుసు. లోపలి నుండి మావాడు, "ఇన్ని మచ్చలు వెట్టింది మా అమ్మనా? మస్తు ముచ్చట దొరికింది" అన్నాడు. "నువ్వు గమ్మునుండు" అని ఇద్దరం ఒకేసారి అన్నాము. నిజామాబాద్ ఆయనను రావద్దని కోడలు వెంటనే ఫోన్ చేసింది. ఆ ఆరేడు రాత్రుల ఫోటోలు మాత్రం ఇక అక్కరకు రావని చెప్పింది. కోపంగా చెప్పి ఉంటే నాకు తేలికయ్యేది.

ఆకాశం తేటపడిన రోజు మళ్లీ పెట్టింది. తెల్లారి డాబా మీదికి నన్ను వెంట తీసుకుపోయి, "గింత దుమ్ము విడిచిపెట్టి నిద్ర పట్టిందా అత్తమ్మ?" అని అడిగింది. పట్టలేదన్నాను. ఆ మధ్యాహ్నం కంప్యూటర్లో చూపించింది. మచ్చ లేదు, గారె లేదు, మోదుగుపూల రంగు మబ్బు ఒకటి చుక్కల నడుమ విచ్చుకుని ఉంది. ఆ వెలుగు అక్కడ బయలుదేరి వేల ఏండ్లయిందట, తప్పు చెబుతోందేమోనని రెండుసార్లు అడిగాను. అంత దూరం ఎక్కడా ఆగకుండా మా డాబా దాకా వచ్చింది. వంటింటి గడప దాటి ముందరి గదిలోకి ఒక్క మాట రావడానికి నాకు నాలుగు రోజులు పట్టింది.