నారాయణఖేడ్‌లో పప్పు ధర దిగిన కథ

ఏమీ కొనకుండా ఊరికే ధరలు అడిగి రావడం కూడా ఒక ఉద్యోగమేనని ఆ రోజుల్లో మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు. నాకే సగం నమ్మకం ఉండేది. డిగ్రీ అయి ఖాళీగా తిరుగుతుంటే కాంట్రాక్టు మీద దొరికిన పని అది. ప్రతి వారం నారాయణఖేడ్ బజారుకు పోయి, మాకు రాసిచ్చిన దుకాణాల్లోనే, రాసిచ్చిన రకం సరుకులకే ధర అడిగి, ట్యాబులో ఎక్కించి పంపాలి. దేశంలో ధరలు ఎంత పెరిగాయో చెప్పే లెక్కకు ఇలాంటి చిన్న బజార్లే ఆధారమట. దుకాణం మారకూడదు, రకం మారకూడదు, ధర మాత్రం మారవచ్చు. (ఆ మూడోదే నా కొంప ముంచింది.) మా ఊరు కల్హేర్‌లో మా అమ్మ మాత్రం "మావోడు సర్కారు తరఫున బేరం చేస్తుండు" అని చుట్టాలందరికీ గొప్పగా చెప్పుకునేది.

కందిపప్పు కోసం నాకు రాసిచ్చిన దుకాణం ఒక కన్నడం సేటుది. తాతల నాడే ఇక్కడికొచ్చి స్థిరపడిన కుటుంబం. నన్ను చూడగానే "బా తమ్మా, బా" అని తన భాషలో రమ్మంటూ స్టూలు జరిపేవాడు. మొదటి రోజే నేను సర్కారు మనిషినని చెప్పాను. "సర్కారోళ్లు పన్ను అడుగుతరు గని, పప్పు ధర అడుగుతరా?" అని నవ్వేశాడు. నేనూ నవ్వాను. ధర అడిగేవాణ్ణి, ఎక్కించేవాణ్ణి, వచ్చేసేవాణ్ణి. భోజనం మెస్సులో కాబట్టి పప్పుతో నాకు పనేముంది?

కొన్నాళ్లకు ఒక వింత మొదలైంది. ఆ దుకాణంలో పప్పు ధర దిగసాగింది. ఒక వారం రూపాయి, ఇంకో వారం రెండు. నేను జ్వరం తగ్గి నీరసంగా వెళ్లిన వారం ఏకంగా అయిదు రూపాయలు పడిపోయింది. నాకు ఒకటే ఆరా. కంగ్టి వైపు కంది బాగా పండిందేమోనని అటు నుంచి వచ్చే ఆటోవాళ్లను అడిగాను. "వానల్లేక జనం పనులకు వలస పోతుండ్రు, నీకు పంట కావాల్నా?" అని కసిరారు. మరి ధర ఎందుకు దిగుతున్నట్టు? రోజూ పడుకునేముందు అదే ఆలోచన.

ఆలోచించినవాణ్ణి నేనొక్కణ్ణే కాదు. లెక్కల నాణ్యత చూసే పై సారు ఫోన్ చేశాడు. "ఏమయ్యా, అంతట పప్పు ఎక్కుతుంటే నీ బజార్ల దిగుతుందేంది? ఇంట్ల కూసొని కొడుతున్నవా అంకెలు?" ఆ నెలాఖరుకే కాంట్రాక్టు పొడిగించాలి, దాని మీద సంతకం ఆయనది. "వచ్చి సూడుండ్రి సార్, ఒక్క అంకె సొంతంగ రాయలే" అన్నాను.

సారు నిజంగానే వచ్చాడు. నన్ను బండి దగ్గర నిలబెట్టి, మామూలు గిరాకీలా సేటు దగ్గరికి పోయి ధర అడిగాడు. తిరిగొచ్చి ఆ ధర చెప్పాడు. నేను పంపినదానికీ దానికీ ఎక్కడా పొంతన లేదు. "ఇప్పుడు నువ్వు పో" అని, వెనకే వచ్చి పక్కన నిలబడ్డాడు. సేటు నన్ను చూసి, గొంతు తగ్గించి, పోయిన వారం కంటే ఇంకో రెండు రూపాయలు తగ్గించి చెప్పాడు.

"గిప్పుడే నాకు ఎక్కువ చెప్తివి కదా సేటు!" అన్నాడు సారు.

సేటు ఆయన్ని ఓ పక్కకు లాగాడు. నాకు వినపడకూడదనే అనుకున్నాడు, కానీ బజారు సగం వినేటట్టే చెప్పాడు. "మెల్లగ మాట్లాడు అన్నా. పాపం, వారం వారం వచ్చి పప్పు ధర అడుగుతడు, మొఖం ఏలాడేసుకొని పోతడు. చేతుల పైసల్లేవు పోరనికి. సిగ్గు దాసుకోనీకి సర్కారు కొలువని చెప్పుకుంటుండు. అందుకే తగ్గిస్తున్న. ఎంత దింపినా కొంటలేడు! నేనేం చేయాలె?"

సారు స్టూలు మీద కూలబడి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. నేను నేల చూపులు చూస్తూ ట్యాబు తీసి, గుర్తింపు కార్డు తీసి, సంగతంతా మళ్లీ మొదటినుంచి చెప్పి, ఇకనుంచి అందరికీ చెప్పే ధరే నాకూ చెప్పాలని పట్టుబట్టాను. సేటు ముఖం పాలిపోయింది. "అయ్యో, ఇన్ని దినాలు సర్కారుకు తప్పు చెప్పిన్నా!" ఆయన అసలు ధరలు చెబుతుంటే ఆ పూటే పాత అంకెలన్నీ సరిదిద్దాం. తేడాకు కారణం నొక్కమంది ట్యాబు. వాతావరణం, సరఫరా, రకం మార్పు, ఇతరాలు. జాలి అన్నది ఎక్కడా లేదు. సారు చాలాసేపు చూసి 'ఇతరాలు' నొక్కాడు. నా పొడిగింపు మీద సంతకమూ పెట్టాడు.

తర్వాతి ఏడాది ఆ పనే ముగిసింది. ఇంకో పని దొరకలేదు, మెస్సు భారమై గదిలోనే వండుకోవడం మొదలుపెట్టాను. ఒకరోజు పావుకిలో పప్పు కోసం సేటు దుకాణానికి వెళ్లాను. లోపల్లోపల ఒక చిన్న ఆశ ఉందని ఒప్పుకోవాలి. సేటు నన్ను చూడగానే లేచి నిలబడి, గిరాకీలందరి ముందూ ధర గట్టిగా చెప్పాడు. "బరాబర్ ధర తమ్మా! ఇగ ఒక్క పైస తక్కువ చెప్ప. రాసుకో!"

కొలువు పోయిందని చెప్పకుండానే డబ్బులు తీసి ఇచ్చాను. "అరే, కొంటున్నవా!" అని ఆయన సంబరపడిపోయాడు.

అప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి, ఇప్పుడు నవ్వొస్తుంది. పేపర్లో ధరల లెక్క కనబడినప్పుడల్లా ఆ 'ఇతరాలు' గుర్తొస్తుంది. జాలి కలవని అసలు ధర కావాలని పట్టుబట్టినవాణ్ణి నేనే కదా. ఆ రోజు నాకు దొరికింది సరిగ్గా అదే.