డెబ్భై సీసీ రంపం, రాజ్యలక్ష్మి మేడమ్

నిన్న సాయంత్రం ఆంధీ, అదే ఇక్కడి దుమ్ముగాలి, వచ్చి ఢిల్లీ ద్వారకలో మా సొసైటీ గేటు పక్కనున్న వేపచెట్టును పడగొట్టింది. పొద్దున కాఫీ తాగుతుంటే కింద రంపం మొదలైంది. నాలుగో అంతస్తు దాకా పచ్చి వేపకర్ర చేదువాసన, దానితో కలిసి ఆయిలు కలిపిన పెట్రోలు పొగ. మా ఆవిడ కిటికీ వేసెయ్యమంది. నేను ఇంకాస్త తెరిచాను. కాసేపటికి సొసైటీ సెక్రెటరీ ఫోను చేశాడు. "సర్‌జీ, మీది చెట్ల డిపార్ట్‌మెంటే కదా. మనమే ఒక చైన్‌సా కొనుక్కుందాం. అన్నిటికంటే పెద్ద ఇంజిన్‌ది తీసుకుంటే ఠీక్ హై కదా?" అన్నాడు హిందీలో. నాకు నవ్వొచ్చింది. పన్నెండేళ్ళ కిందట సరిగ్గా ఇదే మాట నేను ఒకావిడ ముందు నిలబడి, ఇంతకంటే ధీమాగా అన్నాను.

ఆవిడ రాజ్యలక్ష్మి మేడమ్. ప్రభుత్వోద్యోగుల క్వార్టర్ల కాలనీ ఒకదానిలో చెట్లూ తోటలూ చూసే విభాగానికి పెద్ద. సొంతూరు విజయనగరం దగ్గర. ఢిల్లీకి వచ్చి ముప్ఫై ఏళ్ళయినా "ఏటి" అనడం మానలేదు. పొట్టి మనిషి, నూలు చీర, కాళ్ళకు కాన్వాసు బూట్లు. నేను కరీంనగర్ నుంచి కొత్తగా వచ్చి చేరిన సెక్షన్ ఆఫీసర్ని. చదివిన నాలుగు పుస్తకాలు నెత్తికెక్కి ఉన్న రోజులు. ఆ ఆఫీసులో తెలుగు మాట్లాడుకోవడానికి మేమిద్దరమే. అందువల్ల నాకు ఒరిగిందేమిటంటే, మిగతావాళ్ళను హిందీలో మెల్లగా మందలించేవారు, నన్ను మాత్రం తెలుగులో కడుపునిండా తిట్టేవారు.

వానలు మొదలయ్యేలోపు ఆరు చైన్‌సాలు కొనాలి, రకాలు పోల్చి పట్టిక వెయ్యమన్నారు. రెండు రోజులు కూర్చుని ముప్ఫై అయిదు, యాభై, డెబ్భై సీసీ ఇంజిన్లకు గళ్ళు గీశాను. శక్తి ఎంత, ఎంత లావు మాను కోస్తుంది, ఎన్నేళ్ళు మన్నుతుంది. బరువుకు చివర్లో ఒక సన్న గడి ఇచ్చాను. కింద నా సిఫారసు, ఆరూ డెబ్భై సీసీవే కొనాలని.

"ఏటి బాబూ, ఆరూ పెద్దవేనా?"

"పవర్ ఎక్కువున్నది గద మేడమ్. చిన్న కొమ్మనూ కోస్తది, పెద్ద మానునూ కోస్తది."

"మరి బరువో?"

"నాలుగు కిలోలు ఎక్కువ, గంతే. నా చిన్నప్పటి బడి సంచే అంతుండె."

"హర్‌పాల్‌ని అడిగావా?"

హర్‌పాల్ మా దగ్గర చెట్లెక్కి కొమ్మలు కొట్టే మనిషి. యాభై దాటిన వయసు, కాంట్రాక్టు ఉద్యోగం, మాట తక్కువ. అడిగాననీ, ఏదిచ్చినా నడుస్తుందన్నాడనీ చెప్పాను.

"నువ్వు కుర్చీలో కూర్చుని, అతన్ని నిలబెట్టి అడిగుంటావు. అలాగడిగితే నేనైనా అదే చెప్తాను" అన్నారు మేడమ్.

మర్నాడు, చూడ్డానికని డీలర్లు పంపిన మూడు రంపాలకూ ట్యాంకులు నిండా పోయించి, కొమ్మలు కొట్టాల్సిన నేరేడుచెట్టు కింద పెట్టించారు. పక్కన పెట్రోలు డబ్బా. "హర్‌పాల్ భయ్యా, నీకేది చేతికొస్తే దాంతో కానియ్" అని చెప్పి నా వైపు తిరిగి, "పద, మనమిక్కడుంటే మొహమాటానికి పెద్దదే ఎత్తుతాడు" అన్నారు. రెండు గంటల తర్వాత వెళ్ళేసరికి చెట్టు శుభ్రంగా ఉంది. "ట్యాంకులు చూడు" అన్నారు. డెబ్భై సీసీది పోసింది పోసినట్టే ఉంది. యాభైది సగమైంది. ముప్ఫై అయిదుదాన్ని అతను మూడుసార్లు నింపుకున్నాడట. నేను ఊరుకోవచ్చు కదా, వెంటనే అటు కొస నుంచి ఇటు కొసకు దూకి, అయితే ఆరూ చిన్నవే కొందామన్నాను. "చిన్నదానితో మాను కోయిస్తే ఇంజిన్ వేడెక్కి పట్టేస్తుంది. ఆర్నెల్లకి మూలపడేస్తావు. నేల మీద పడ్డ మానుకి పెద్దది, లావు కొమ్మకి మధ్యది, చెట్టు మీదకి చిన్నది. రెండేసి రాయి" అన్నారు.

అక్కడితో అయిపోతే బాగుండేది. నాకేమో కారణం పూర్తిగా తెలుసుకోవాలన్న దురద. సాయంత్రం హర్‌పాల్ పక్కన గట్టు మీద కూర్చుని, స్నేహంగానే అడిగాను. అతను తన కుడి భుజం రెండేళ్ళుగా పైకి లేవడం లేదని చెప్పాడు. "ఎవరికీ చెప్పకండి సాబ్. చెట్టెక్కలేనివాణ్ణి వచ్చే ఏడు తీసుకోరు" అన్నాడు. చెప్పనన్నాను. మర్నాడు ఫైల్లో, పై అధికారికి నమ్మకం కలగాలని, నా చక్కటి చేతివ్రాతతో రాశాను. కొమ్మలు కొట్టే కార్మికుడి కుడి భుజం బలహీనంగా ఉన్నందున ముప్ఫై అయిదు సీసీ యంత్రాలు అవసరం. నిజమే రాస్తున్నాననుకున్నాను. ఒట్టు, ఆ క్షణాన నాకు ఇంకేమీ తోచలేదు.

మేడమ్ ఆ పేజీ రెండుసార్లు చదివారు. తిట్టలేదు. అందుకే నాకు భయమేసింది.

"ఇది ఎవరు చెప్పారు?"

"ఆయనే చెప్పిండు మేడమ్."

"నిన్ను నమ్మి చెప్పాడన్నమాట."

అప్పుడు వెలిగింది నాకు. నోట్‌షీట్లకు నంబర్లుంటాయి, చింపడానికి లేదు, కొట్టేస్తే ఎందుకు కొట్టేశావని అడుగుతారు. ఆ ఫైలు పైకి వెళ్తే మొదట పోయేది హర్‌పాల్ పని. అతని ఇంట్లో సంపాదించి తెచ్చేవాడు అతనొక్కడే. "నేను సత్తెనాశనం చేసిన మేడమ్" అన్నాను. ఏడుపొచ్చింది, దాచుకోలేదు కూడా.

"ఏడుద్దువుగాని, ముందు నిచ్చెన పట్టించు" అన్నారు.

నేరేడుచెట్టుకు నిచ్చెన వేయించారు. మొదట నన్నెక్కించి, ఇంజిన్ ఆపి ఉన్న డెబ్భై సీసీ రంపాన్ని భుజాల ఎత్తున పట్టుకోమన్నారు. మొదటి నిమిషం బాగానే ఉంది. మూడో నిమిషానికి మోచేతులు వణికాయి, ఆ తర్వాత నా వల్ల కాలేదు. దిగగానే ఆవిడ కొంగు బొడ్లో దోపుకున్నారు. వద్దు మేడమ్ అని నేనూ తోటమాలీ బతిమాలినా వినలేదు. రిటైర్మెంటుకు ఏడాదిన్నర ఉన్న మనిషి, మూడు మెట్లెక్కి ఆ రంపాన్ని ఎత్తి పట్టుకున్నారు. పెదవి బిగపట్టి, ముఖం కందిపోయి, చేతులు గడగడలాడుతూ. నాకంటే కాస్త ఎక్కువసేపే పట్టుకున్నారు, ఎంత ఎక్కువో ఆ తర్వాత ఎప్పుడూ నాకు గుర్తుచేస్తూనే ఉండేవారు.

కిందికొచ్చి, వణికే చేత్తోనే నా నోటు కింద రాశారు. 'ఈ యంత్రాన్ని నేనూ సెక్షన్ ఆఫీసరూ నిచ్చెన మీద స్వయంగా ఎత్తి చూశాం. అయిదు నిమిషాలు ఎవరమూ నిలపలేకపోయాం. పైనున్న నోటులో చెప్పిన భుజం బలహీనత మా ఇద్దరికీ ఉంది. లోపం మనిషిది కాదు, బరువుది.' సంతకం అక్షరాలు వంకరపోయాయి. ఫైలు వారం తర్వాత మంజూరై వచ్చింది. భుజం గురించి ఎవరూ ఒక్క ప్రశ్న వేయలేదు. ఆ చిన్న రంపంతో హర్‌పాల్ మరో ఏడేళ్ళు చెట్లెక్కాడు. నేను రాసిన సంగతి అతనికి చెప్పే ధైర్యం మాత్రం నాకు రాలేదు.

మేడమ్ రిటైరై ఢిల్లీ పక్కనే ఉన్న వైశాలిలో కూతురి దగ్గర ఉండేవారు. పోయిన చలికాలం కాలం చేశారు. ఆ రోజు హర్‌పాల్ కూడా వచ్చాడు, జుట్టంతా నెరిసిపోయింది. మెట్ల దగ్గర ఇద్దరమే నిలబడ్డప్పుడు ఇక ఆగలేక, ఫైలు సంగతి చెప్పేశాను. క్షమించమన్నాను.

"నాకు తెలుసు సాబ్. మరుసటి రోజే మేడమ్ పిలిచి చెప్పారు. పిల్లవాడు, మంచివాడు, రాయడం ఇంకా రాలేదు, కోపం పెట్టుకోకు అన్నారు" అన్నాడు హర్‌పాల్.

అంటే ఏడేళ్ళూ తెలిసే నాకు రోజూ నమస్తే పెట్టాడు. చెట్టు దిగగానే తన గ్లాసులోంచి సగం చాయ్ నాకు పోసేవాడు. నేను మెట్ల మీద కూలబడి ఏడ్చాను, ఈసారి ఆపేవాళ్ళు లేరు. అతను తన మంచి చెయ్యి, ఎడమది, నా వీపు మీద వేసి నిలబడ్డాడు.

ఇప్పుడు నా సెక్షన్లో కొత్తగా చేరిన పిల్లలు నోట్లు రాసి తెస్తారు. ఫలానావాడు బద్ధకస్తుడు, ఫలానావాడికి ఓపిక లేదు అని. వాళ్ళను కోప్పడను. సంతకం చేసేముందు వెళ్ళి, ఆ మనిషి చేసే పని ఒక పూట చేసి రమ్మంటాను. కొందరు గొణుక్కుంటారు. చాలామంది తిరిగొచ్చి, నోటు మళ్ళీ రాస్తామని అడిగి తీసుకుంటారు.