సూదుల గదికి వచ్చిన నాటు గుంపు

జూలైలో మొదటి సోమవారం, పొద్దున తొమ్మిది గంటల నలభై నిమిషాలు. మోస్రా ఊరి రాజవ్వ, వరి నాట్లు వేసే తన నాటు గుంపును వెంటబెట్టుకొని మా సూదుల గదికి వచ్చిన సమయం అది. అంత కచ్చితంగా ఎట్లా చెప్తున్నానంటే, అప్పుడే డాక్టర్ సార్ ఇంకో పేషెంటుకు సూదులు పెట్టడం ముగించాడు, నేను గోడ గడియారం చూసి టైమర్ తిప్పాను. టైమర్ మోగేదాకా సూదులు ఉన్న మనిషి కాళ్లు కదపకూడదు. ఈ సంగతి చదివేవాళ్లు గుర్తు పెట్టుకోవాలి.

నేను అప్పుడు నిజామాబాద్‌లో, బోధన్ పోయే రోడ్డు మీద ఒక ట్రస్టు దవాఖానలో అటెండెంటును. రిటైరవడానికి ఇంకా ఏడాది ఉంది. అంతకు ముందు బోధన్‌లో ఒక నర్సింగ్ హోంలో ఆయాగా చేశాను. ఆయా పని ఊడ్చడం, తుడవడం, ఎత్తిపోయడం. అటెండెంటు ఒక మెట్టు పైన. డాక్టరు పక్కన నిలబడి సామాను అందించవచ్చు, పేషెంటును కనిపెట్టుకొని ఉండవచ్చు. సూది పెట్టడం, తీయడం మాత్రం డాక్టరు పనే. ఆ మెట్టు ఎక్కాలంటే చదవడం రావాలన్నారు. మా మెథడిస్టు చర్చిలో రాత్రి బడి నడుస్తుంటే నలభై దాటిన తరువాత పోయి అక్షరాలు నేర్చుకున్నాను. కాబట్టి నా రాతలో సొగసులు వెతకవద్దు.

మా డాక్టరు వహీద్ సార్. ఎముకల డాక్టరు. ఆక్యుపంక్చర్ విడిగా నేర్చుకొని వచ్చాడు. వారంలో రెండు రోజులు, సోమవారం, గురువారం, సూదుల గది తెరిచేవాడు. వచ్చేవాళ్లలో ఎక్కువ మంది మోకాళ్ల వాళ్లే. పసుపు తవ్వినవాళ్లు, చెరుకు కొట్టినవాళ్లు, నాట్లు వేసినవాళ్లు. ఎక్స్‌రే చూసి బయట అందరూ చెప్పే మాట ఒక్కటే, గుజ్జు అరిగిందని. ఎముక చివరన మెత్తగా ఉండే పొర పలచబడి కీలు రాసుకుంటుంది, అదే ఆ జబ్బు.

పద్ధతి ఇది. పేషెంటు ఏమన్నా తిని రావాలి, కడుపు ఖాళీగా ఉంటే కళ్లు తిరుగుతాయి. రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారా అని అడుగుతాము. వెల్లకిలా పడుకోబెట్టి మోకాలి కింద తువ్వాల మడత పెడతాను, స్పిరిట్‌తో తుడుస్తాను. సూది వెంట్రుక కన్నా కొంచెమే లావు. చిన్న ప్లాస్టిక్ గొట్టంలో వస్తుంది, వేలితో తట్టగానే దిగుతుంది. మోకాలి చిప్ప కింద అటూ ఇటూ రెండు గుంటలుంటాయి, ఇక్కడొకటి అక్కడొకటి. కింద నాలుగు వేళ్ల దూరంలో పిక్క పక్కన ఒకటి, లోపలి వైపు ఒకటి, చిప్ప పైన ఒకటి. దిగిన తరువాత సార్ సూదిని కొద్దిగా తిప్పి "బరువెక్కిందా, గుంజినట్టయితున్నదా" అని అడుగుతాడు. కొందరికి సూదులకు వైరు క్లిప్పులు తగిలించి సన్నగా కరెంటు ఇస్తాడు. ఒకరికి వాడిన సూది ఇంకొకరికి వాడము. లెక్క పెట్టి గట్టి డబ్బాలో వేస్తాము.

మొదటిసారి వచ్చినవాళ్లు సూదిలో మందు లేదని తెలిసి ముఖం చిన్నది చేసుకునేవాళ్లు. మందు లేని సూదికి ఇంత దూరం రావాలా అని ఒకాయన బాహాటంగానే అడిగాడు. సార్ ఓపికగా చెప్పేవాడు. సూది నరాలను కదిలిస్తుంది, ఆ కబురు వెన్నులో నుంచి మెదడుకు పోతుంది, అప్పుడు ఒంట్లోనే నొప్పిని అణిచే పదార్థాలు పుడతాయి, అంత వరకే. అరిగిన గుజ్జు మళ్లీ పుట్టదు. కొందరికి బాగా తగ్గుతుంది, కొందరికి కొంత, కొందరికి ఏమీ తగ్గదు. తగ్గినా కొన్ని వారాలో నెలలో నిలుస్తుంది. ఇందులో సగం నమ్మకమే అనే డాక్టర్లు కూడా ఉన్నారు, వాళ్లతో సార్ వాదం పెట్టుకోలేదు. సూదులతో పాటు తొడ కండ గట్టిపడే కసరత్తు చేయాలని, నడవాలని, గొంతుకూర్చోవద్దని ప్రతి ఒక్కరికీ చెప్పేవాడు.

రాజవ్వ ఎండాకాలంలో మొదటిసారి వచ్చింది. మోస్రాలో ఆమెది పేరున్న నాటు గుంపు. గుంపు పెద్ద అందరికన్నా ముందు మడిలో దిగి మునుం పట్టాలి. మునుం అంటే ఒక్కొక్కరు నాటుకుంటూ పోయే వరస. ఆమె మునుం ఎట్లా సాగితే మిగతావాళ్లవి అట్లా సాగుతాయి. అప్పటికి మా వైపు నాట్లకు బెంగాల్ నుంచి మగవాళ్ల గుంపులు రావడం మొదలైంది. వాళ్లు వేగంగా నాటుతారు, పొలం ఆసాములకు అది నచ్చుతుంది. ఈ వానాకాలం తాను మడిలో దిగకపోతే తన గుంపు చెదిరిపోతుందని రాజవ్వ మొదటి రోజే చెప్పింది. ఆమెకు కావలసింది మోకాలు కాదు, గుంపు.

వారానికి రెండుసార్లు వచ్చింది. నాలుగో వారానికి నొప్పి తగ్గుతున్నదని చెప్పింది. మిగిలినవన్నీ ఒక్క రోజే గుచ్చేస్తే తిరుగుడు తప్పుతుంది కదా అని అడిగింది. "రెండు దఫాల యూరియా ఒక్కసారే సల్లుతవా అవ్వా" అన్నాడు సార్. పంట మాడుతుందని ఆమే జవాబు చెప్పింది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఇక ఆ సోమవారం. తెర అవతలి మంచం మీద సూదులతో పడుకున్నది పోశవ్వ. ఆమెదీ మోస్రానే, ఒకప్పుడు రాజవ్వ గుంపులోనే నాట్లు వేసేది. రెండు మోకాళ్లకూ సూదులు, క్లిప్పులు, కరెంటు. టైమర్ తిప్పి ఇటు తిరిగేసరికి రాజవ్వ గుమ్మంలో ఉంది, లక్ష్మి అనే పిల్ల భుజం పట్టుకొని. వెనుక గుంపులోని గంగామణి, సాయవ్వ. కుడి మోకాలు ఉబ్బి మెరుస్తున్నది. ముట్టుకుంటే వెచ్చగా ఉంది.

సార్ బెంచీ మీద కూర్చోబెట్టి చూశాడు. జ్వరం లేదు. చిప్పను నొక్కితే కింద నీరు కదులుతున్నది. ఏం చేశావని అడిగితే శనివారం పొద్దంతా మడిలో నాటు వేశానని చెప్పింది. దిగవద్దని చెప్పాను కదా అన్నాడు సార్.

"దిగొద్దనలేదు సారూ. నడువుమన్నరు, గొంతుకూసోవద్దన్నరు. నాటంటె నడుసుడే గద, ఎనుకకు. కూసోలే, వంగిన."

సార్ నా వైపు చూశాడు. ఆమె చెప్పింది నిజమే. సార్‌ది హైదరాబాద్, ఆయనకు నడక అంటే రోడ్డు మీద నడక. నాటు వేసేవాళ్లు పొద్దంతా బురదలో వెనక్కి నడుస్తారని నాకు తెలుసు. నాకూ చెప్పాలని తోచలేదు.

వాపు ఉన్న కీలుకు ఈ రోజు సూదులు పెట్టనని, ఐసు పెట్టుకొని, పట్టీ కట్టుకొని, కాలు చాపుకొని ఉండమని, జ్వరం వస్తే వెంటనే రమ్మని సార్ చెప్పాడు. రాజవ్వ లేవలేదు.

"రేపు తెల్లారంగ పెద్ద మడి నాటాలె. మేం దిగకపోతె ఆసామి బెంగాలోళ్లను పిలుస్తనన్నడు. ఒక్కసారి గుచ్చుండ్రి."

"గుచ్చితే నొప్పి తగ్గి మళ్ల దిగుతవ్. కీలు పాడైతది."

"నొప్పి ఉన్నన్ని దినాలు ఇంటి పట్టునే ఉంటి సారూ. నొప్పి తీసింది మీరు. తీసినంక దిగకపోదునా?"

సార్ నన్ను పట్టీ తీసి పెట్టమన్నాడు.

లక్ష్మి మెల్లగా, ఒడ్డు మీద ఉండి నారు కట్టలు అందించమని, తాను మునుం పడతానని అంది. రాజవ్వ ఆమెను కసిరింది. బురదలో దిగని మనిషి గుంపులో లేనట్టే, ఆ కట్టుబాటు పెట్టింది తానే అని గుర్తు చేసింది.

"పెట్టినవ్. నా మీదనే పెట్టినవ్."

ఆ మాట తెర అవతల నుంచి వచ్చింది. సాయవ్వ పోయి తెర జరిపింది. పోశవ్వ పైన తిరిగే ఫ్యాన్ వైపు చూస్తూ పడుకొని ఉంది. కదలవద్దని నేను గట్టిగా చెప్పాను.

"కదులుతలేను సుగుణక్కా. నోరు కదిలిస్తె సూదులు పడిపోవు గద." ఫ్యాన్ వైపే చూస్తూ రాజవ్వతో మాట్లాడింది. "నిరుడు మోకాళ్లు వంగుతలెవ్వు, ఒడ్డు మీద నారు పంచుతనంటి. ఏమంటివి?"

జవాబు పోశవ్వే చెప్పింది.

"బెదురు బొమ్మకు గుంపెందుకన్నవ్. రేపు నువ్వు నిలబడితె బొమ్మవు కావా?"

గంగామణి నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సార్ ఒకసారి కడిగిన చేతులను మళ్లీ కడుక్కోవడానికి పోయాడు.

పోశవ్వ ఇంకొక్క మాట అంది. రాజవ్వను ఒడ్డు మీద ఉంచుకుంటే తననూ ఉంచుకోవాలి, నిరుడు తీసేసింది తప్పని ఈ గదిలోనే చెప్పాలి. లేకపోతే ఇద్దరూ ఈ మంచాల మీదనే పడుకొని బెంగాల్ వాళ్లు నాటిన బియ్యం తినవచ్చు. కోపంగా అనలేదు. బజార్లో బేరం ఆడినట్టు అంది.

రాజవ్వ ముందు రెండే దారులున్నాయి. కట్టుబాటు ఉంచుకుంటే తానే గుంపులో నుంచి పోవాలి. తీసేస్తే, నిరుడు ఊరందరి ముందు అన్న మాట వెనక్కి తీసుకోవాలి. ఆమె వెనక్కి తీసుకున్న మాట అంతకు ముందు ఒక్కటీ లేదని లక్ష్మి తరువాత నాకు చెప్పింది.

టైమర్ మోగింది. సార్ వచ్చి సూదులు తీశాడు, నేను దూది నొక్కి పట్టి లెక్క చూశాను, సరిపోయింది. పోశవ్వ కాళ్లు కిందికి దించి మంచం అంచున కూర్చుంది. ఇద్దరూ ఎదురెదురుగా ఉన్నారు.

"నిన్ను తీసేసుడు తప్పే," అంది రాజవ్వ. "రేపు నారు పంచుడు నీది. వరసలు నేను సూస్త. మునుం లక్ష్మి పడ్తది."

"గొంతుకూసోవద్దన్నడు సారు. ఒడ్డు మీద కుర్సీ కావాలె," అంది పోశవ్వ.

"రెండు," అంది లక్ష్మి.

రాజవ్వ మోకాలికి పట్టీ కట్టాను. అందరూ ఒకే ఆటోలో పోయారు. మరుసటి రోజు ఒడ్డు మీద రెండు ప్లాస్టిక్ కుర్చీలు చూసి ఆసామి ముందు గొణిగాడని, మడి నాటడం అయిపోయిన తరువాత ఏమీ అనలేదని విన్నాను. వాపు తగ్గిన తరువాత రాజవ్వకు మళ్లీ సూదులు నడిచాయి. నొప్పి కొంత తగ్గింది, మొదట తగ్గినంత కాదు. పోశవ్వకు ఎడమ మోకాలు నయం, కుడిది అంతంతే. ఆ వానాకాలం గుంపు నిలిచింది. మరుసటి ఏడాది కొన్ని మడులు బెంగాల్ గుంపులకు పోయాయి, కొన్ని వీళ్లకు మిగిలాయి.

ఆ గురువారం నుంచి మా గదిలో ఒక ప్రశ్న చేర్చాము. మొదటి సూది పెట్టక ముందే, నొప్పి తగ్గిన మరునాడు ఏం పని చేస్తావని అడగాలి. అడగడం నా పని, ఎందుకంటే ఆ పనులు నాకు తెలుసు. చెరుకు కొడతానన్నవాళ్లు ఉన్నారు, పసుపు బస్తా ఎత్తుతానన్నవాళ్లు ఉన్నారు. దాన్ని బట్టి ఏది చేయకూడదో పేరు పెట్టి చెప్పేవాళ్లం. సూది నొప్పిని తగ్గించగలదు. నొప్పి లేని కాలుతో మనిషి ఎక్కడికి పోతాడో సూదికి తెలియదు, అడిగి తెలుసుకోవాలి. ఆ రోజు నేను నేర్చుకున్నది ఇది.

ఆ రోజు గదిలో ఉన్నవాళ్లు: దవాఖాన తరఫున డాక్టర్ వహీద్, అటెండెంటు సుగుణమ్మ, అంటే నేను. పేషెంట్లు వేరే ఎవరూ లేరు. మిగిలినవాళ్లంతా మోస్రా నాటు గుంపు: రాజవ్వ, లక్ష్మి, గంగామణి, సాయవ్వ, పోశవ్వ.